ఆ ఊదారంగు నేల వెనక 4,000 ఏళ్ల కాపలా

ముందుగా ఒక సీన్ ఊహించుకోండి. ఆగస్టు నెల. ఉత్తర జర్మనీలో ల్యూనెబర్గ్ అనే ప్రాంతం. ఎటు చూసినా మోకాలెత్తు పొదలు, వాటి నిండా ఊదారంగు పూలు. చెట్లు అక్కడొకటి, ఇక్కడొకటి. వెళ్లినవాళ్లు ఫొటోలు దిగి, "అబ్బ, ప్రకృతి అంటే ఇదీ!" అనుకుంటారు.

కానీ అది ప్రకృతి ఒక్కటే చేసింది కాదు. మనుషులు, పశువులు, నిప్పు కలిసి చేసింది.

ఇలాంటి నేలను హీత్ అంటారు. ఆ పొద పేరు హెదర్. జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, బ్రిటన్‌లలో సారం లేని ఇసుక నేలల్లో బాగా పెరుగుతుంది. దానికి ఎండ కావాలి. దట్టమైన అడవి నీడలో బతకలేదు. మరి మంచు యుగం ముగిశాక అక్కడ చాలా భాగం అడవే కదా! ఈ పొదలు అంత దూరం ఎలా పరుచుకున్నాయి?

జవాబు ఎక్కడ దొరికిందో తెలుసా? సమాధుల కింద!

నెదర్లాండ్స్, డెన్మార్క్‌లలో 4,000 ఏళ్లు, అంతకంటే పాత సమాధి దిబ్బలు ఉన్నాయి. అప్పటివాళ్లు నేల పైపొరను పెళ్లలుగా కోసి, ఇటుకల్లా పేర్చి వాటిని కట్టారు. ఆ పెళ్లల్లో, దిబ్బ కింద మూసుకుపోయిన నేలలో ఆనాటి పుప్పొడి ఇంకా నిలిచి ఉంది. మైక్రోస్కోప్‌లో చూస్తే చాలాచోట్ల హెదర్ పుప్పొడి దండిగా కనిపించింది. అంటే దిబ్బ కట్టేనాటికే చుట్టూ హీత్ ఉందన్నమాట.

ఒకసారి అడవి నరికితే సరిపోదా అంటారా? సరిపోదు. ఊరికే వదిలేస్తే బర్చ్, పైన్ మొక్కలు మొలుస్తాయి. కొన్ని దశాబ్దాల్లో మళ్లీ అడవే. అందుకే పశువుల్ని, గొర్రెల్ని మేపాలి. అవి చెట్ల మొలకల్ని తినేస్తాయి. ముదిరిపోయిన పొదల్ని అప్పుడప్పుడు తగలబెట్టాలి. కాలిన మోడు నుంచి లేత చిగుళ్లు వస్తాయి, మందకు మేత దొరుకుతుంది. కొన్నిచోట్ల ఇది వేల ఏళ్లు సాగింది. మొదట్లో రాసిపెట్టిన రూల్ లేదు, రాత కూడా లేదు. తండ్రి మేపిన చోటే కొడుకు మేపాడు, అంతే.

తర్వాత ఏమైంది? గత రెండు వందల ఏళ్లలో గొర్రెల పెంపకం తగ్గింది, ఎరువులు వచ్చాయి. హీత్‌లో ఎక్కువ భాగం పొలాలుగా, పైన్ తోటలుగా మారిపోయింది. ల్యూనెబర్గ్‌లో మిగిలినదాంట్లో కొంత భాగాన్ని 1921లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మరి కంచె వేసి వదిలేశారా? లేదు! ఇప్పటికీ అక్కడ కాపరులు గొర్రెల మందల్ని తిప్పుతున్నారు. కాపరి ఆగితే హీత్ కూడా పోతుంది.

"మనిషి చెయ్యి పడకపోతేనే ప్రకృతి బాగుంటుంది" అని మనం తేలిగ్గా అనేస్తాం. చాలాచోట్ల అది నిజమే. కానీ కొన్ని నేలలు మనిషి చేతిలోనే పెరిగాయి. ఒక నేలను కాపాడాలంటే ముందు అడగాల్సింది ఒకటే: ఇన్నాళ్లూ దీన్ని ఎవరు చూసుకున్నారు?