దన్నానపేట పెద్దరాయి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి మాటలాడుట ఆచారము. నేను మాత్రము ఒక్క అక్షరమైనను లేని రాతిని గూర్చి మనవి చేయదలచితిని.

మొన్న శీతకాలమున ఒక ఉదయము ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషనున రైలు దిగి, దన్నానపేటకు కాలినడకను బయలుదేరితిని. పల్లపు పొలములు వెనుకబడిన కొలది గరువు నేలయు, తాటిచెట్లును, తంగేడు పొదలును ఎదురైనవి. దారిలో మేకలు కాయుచున్న ముసలివాడొకడు నన్ను నిలిపి, "రాయి సూడ్డానికే ఇంత దూరం నడిసొచ్చినారా బాబూ?" అని నవ్వెను. అవునంటిని. చేతికర్రతో దారి చూపెను.

ఆ రాయి ఒక సమాధికి పైకప్పు. క్రింద రాళ్లు నిలిపి, వానిపై ఒకే బండను పరచినారు. పొడవు 36 అడుగులు, వెడల్పు 14 అడుగులు, మందము 2 అడుగులు. మన పెద్దల కొలతలో పొడవు 24 మూరలు. ఘనపుటడుగు గట్టిరాయి సుమారు 75 కిలోలు తూగును. అంచుల వంకరలకు కొంత తీసివేసినను, బండ బరువు 50 టన్నులకు తగ్గదని నా లెక్క.

ఇట్టివానిని శాస్త్రజ్ఞులు బృహచ్ఛిలా సమాధులందురు. తెలుగుదేశమున జనులు రాక్షసగుళ్లనియు, పాండవగుళ్లనియు పిలిచిరి. మానవులెత్తగల బరువు కాదని తోచుటచే ఆ పేర్లు పుట్టియుండును. కాని ఎత్తినవారు మానవులే. దక్షిణదేశమున ఇట్టి సమాధులు చాలవరకు ఇనుము వాడుక వ్యాపించిన కాలమునాటివి. అనగా రెండు మూడు వేల ఏండ్ల క్రిందటివి. త్రవ్విన చోట్ల ఎముకలతో పాటు నలుపు, ఎరుపు కలసిన కుండలును, ఇనుప పనిముట్లును దొరకినవి. దుంగలపై దొర్లించి, మీటలతో లేపి, మట్టివాలు కట్టి బండలను ఎక్కించియుందురని పండితుల ఊహ. అది ఒక ఇంటివారికి సాధ్యమైన పని కాదు, ఊరంతయు పూనవలసినదే.

చనిపోయినవారి కొరకు రాయి నిలుపు ఆచారము మన కొండలలో నిన్నమొన్నటి వరకు సాగినది. సవరలు దానిని గువార్ అందురు; రాయి నాటుట అని అర్థము. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథమున దానిని వర్ణించెను. నేడది చాలచోట్ల సన్నగిల్లినది. సవరలే దన్నానపేట రాతిని నిలిపిరని నేననను. బ్రతికియున్న ఆచారము మూగరాతిని అర్థము చేసికొనుటకు తోడ్పడునని మాత్రమే నా మనవి. సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ శిథిలములను వెలుగులోనికి తెచ్చిరి. ఆయన ఉపాధ్యాయ వృత్తిలో జీవితము గడిపినవారు. చూచు కన్ను ఉన్నచో పల్లెలోని వారికిని ఇట్టి పని సాధ్యమే.

దన్నానపేట రాయి అదృష్టము గలది. అది కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్నది. 1958 నాటి చట్టము, దాని 2010 సవరణ ప్రకారము అట్టి కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త కట్టుబడి నిషిద్ధము. ఏ జాబితాకు నెక్కని రాళ్లకు ఆ నీడ లేదు.

ఇచట ఒక మాట ఒప్పుకొనవలెను. నా చిన్నతనమున మా గరువులో రాళ్ల వలయమొకటి ఉండెడిది. నాగలికి అడ్డమని పెరికించి, మా పశువుల సాల పునాదికి వేసిరి. నేనును రాళ్లు మోసితిని. అది ఎవరి సమాధియో, అసలు సమాధియో కాదో, నేడు తెలిసికొనగోరినను దారి లేదు. ఎవరికిని చెడుతలంపు లేదు, చెప్పువారు లేకపోయిరి.

కనుక ఈ గ్రంథాలయమునకు ఒక ప్రార్థన. ఒక దళసరి నోటుపుస్తకమును తెరవుడు. చుట్టుపట్ల గరువులలో, కొండవాలులలో ఉన్న వింతరాళ్లు ఎవరి పొలమున ఉన్నవి, పెద్దలు వానిని ఏ పేర పిలుతురు, ఏ కథ చెప్పుదురు అను సంగతులను వృద్ధులు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. కొలిచి, ఛాయాచిత్రము తీసి, పురావస్తుశాఖకు తెలుపవలెను. ఎవరును స్వయముగా త్రవ్వరాదు. కదలించిన రాయి తాను చెప్పవలసినదానిలో సగము పోగొట్టుకొనును.

ఆ పుస్తకమున మొదటి పుటకై, మా సాల పునాదిలోని రాళ్ల సంగతి నేనే వ్రాసి ఇచ్చెదను. సెలవు.