మోకాలిలోని ముప్పేట త్రాడు



చుండూరులో మా పెదతండ్రిగారు మోకాళ్ళు నొప్పిపుట్టినంతనే, "బండి ఇరుసు అరిగినది, ఇంకను త్రిప్పినచో మరింత అరుగును" అని తలచి నవారుమంచము పట్టిరి. ఆరు మాసములు గడచునప్పటికి తొడలు సన్నగిల్లినవి. మంచము దిగుటకు ఇద్దరి ఆసరా కావలసివచ్చినది. ఆయన తలంపులోని పొరపాటును నేడు మనవి చేసెదను.

కీళ్ళయందు ఎముకల కొనలను నున్నని తెల్లనిపొర యొకటి కప్పియుండును. దీనిని మృదులాస్థి యందురు. ఇందు అధికభాగము నీరే. ఆ నీటిని నిలుపునవి ముఖ్యముగ రెండు పదార్థములు. కొల్లాజెన్ అను మాంసకృత్తు వలవలె అల్లుకొనియుండును. అగ్రికాన్ అనునది ఆ వలకన్నులలో నిలిచి, నీటిని పీల్చుకొని ఉబ్బును. ఆ ఉబ్బును వల బిగించి పట్టును. ఆ బిగువే మన బరువును మోయుచున్నది.

కొల్లాజెన్ మూడు పేటలు పెనవేసిన త్రాటివంటిదని 1954, 1955 సంవత్సరములలో మదరాసు విశ్వవిద్యాలయమునుండి జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గారలు లోకమునకు తెలిపిరి. పశువుల తోలునందలి ముఖ్య పదార్థమును ఇదియే. తోళ్ళ శాస్త్రమున ఖ్యాతిగాంచి, మదరాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండిన యలవర్తి నాయుడమ్మగారు మన తెనాలి ప్రాంతపు యలవర్రువారే.

మృదులాస్థికి రక్తనాళములు లేవు. అడుగు మోపినపుడు అణగి, ఎత్తినపుడు ఉబ్బి, కీలులోని ద్రవమునుండి అది ఆహారమును గ్రహించును. తిరుగుటచే ఇరుసు అరుగును. మితమైన కదలికచే మృదులాస్థి పోషింపబడును.

వయస్సు, స్థూలకాయము, పాతదెబ్బలు, వంశగుణము మున్నగు కారణములచే ఆస్టియో ఆర్థ్రైటిస్ కలుగును. అపుడు కీలులోని కణములే కొన్ని ఎంజైములను విడిచి, అగ్రికానును, పిదప వలను తునుకలు చేయును. పెద్దవయస్సున తెగిన ఆ వల తిరిగి అల్లుకొనుట మిక్కిలి అరుదు.

అంగళ్ళలో కొల్లాజెన్ పొడులు అమ్ముచున్నారు. తిన్న కొల్లాజెన్ కడుపులో జీర్ణమై చిన్న తునుకలగును. అది నేరుగా మోకాలికిపోయి వల అల్లదు. కొందరికి నొప్పి కొంత తగ్గినదని కొన్ని పరిశోధనలు చెప్పినను, పోయిన పొర మరల పెరుగునని రుజువు కాలేదు. ధాన్యమమ్మిన సొమ్ము వెచ్చించుటకు ముందు ఈ సంగతి తెలిసియుండవలెను.

కుర్చీపై కూర్చుండి, కాలు చాచి, పది లెక్కించి దింపుడు. తొడకండరములు బలపడిన కొలది మోకాలికి శ్రమ తగ్గును. చదునైన బాటపై ఓర్చుకొనగలిగినంత నడువుడు. స్థూలకాయులు ఒక కిలో తగ్గినచో, ప్రతి అడుగునకు మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని 2005లో వెలువడిన యొక పరిశోధన తెలిపినది. కీలు ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము తగిలినచో మాత్రము ఆలసింపక వైద్యునికి చూపవలెను.

మా పెదతండ్రిగారి నొప్పి పూర్తిగ పోలేదు. అయినను ఈ సాధనచే ఆయన మంచము విడిచిరి. నేడు చేతికఱ్ఱ ఊతముగ, ఒక్కరే కాలువగట్టువరకు పోయి తమ చేను చూచుకొని వచ్చుచున్నారు.