సూది వేయించాక మొదలయ్యే పని

(మన సంఘం వార్షిక సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మా కమిటీ ఎందరికి ఏ సహాయం అందిందో లెక్క చదివి కూర్చుంటుంది. ఈసారి ఆ లెక్కలు కోశాధికారి గారు చదివేశారు. మేం ఒక్క జబ్బు గురించి, దానికి మీ డబ్బుతో వేయిస్తున్న సూదుల గురించి మాట్లాడతాం. అందులో మేం ఒక పొరపాటు చేశాం. అది చెప్పకుండా మళ్ళీ మీ ముందు చేయి చాపడం సబబు కాదు.

జబ్బు పేరు ఆస్టియోపోరోసిస్. మన మాటల్లో ఎముకలు గుల్లబారడం. మగవారికీ వస్తుంది గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవారిలో ఎక్కువ. ముందు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. వజూ చేసే చోట కాలు జారి తుంటి విరిగిన రోజున బయటపడుతుంది. బిందె ఎత్తబోతే వెన్నుపూస నలిగిపోయిన రోజున బయటపడుతుంది.

ఇది డబ్బున్నవారి జబ్బు అనుకునేవాళ్ళం. కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న పేదింటి ఆడవారి ఎముకలను పరీక్షించి, అవి ఎంత బలహీనంగా ఉన్నాయో 2005లో ప్రచురించింది. తిరుపతి స్విమ్స్ వైద్యుల బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లోనూ పట్నంలోనూ తినే తిండిలో కాల్షియం తక్కువని, ఇంత ఎండ కాసే నేల మీద కూడా విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని తేలింది. మూడు పూటలా అన్నం, ఇంటి లోపలే గడిచే జీవితం, వరుస కాన్పులు. మన అమ్మీలకు, నానీలకు ఈ జబ్బు రావడంలో వింత లేదు.

మాత్రలు పడనివారికి, ఎముక ఇప్పటికే విరిగినవారికి డాక్టర్లు సూది మందు రాస్తారు. మా దగ్గరకు వచ్చే చీటీల్లో ముఖ్యంగా మూడు పేర్లు కనిపిస్తాయి. జోలెడ్రోనిక్ ఆమ్లం ఏడాదికి ఒకసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు. డెనోసుమాబ్ ఆరు నెలలకు ఒకసారి చర్మం కింద వేస్తారు. టెరిపారటైడ్ ఇన్సులిన్ పెన్నులాంటి దానితో రోజూ ఇంట్లోనే వేసుకోవాలి. మూడూ మంచి మందులే. మూడింటికీ ఇబ్బందులున్నాయి. ఏ మందుకు ఏ ఇబ్బందో ముందే చెబితే మనిషి తట్టుకుంటుంది. చెప్పకపోతే ఒకే మాట అంటుంది: "సూది నాకు పడలేదు బాబూ." ఆ ఒక్క మాటతో వైద్యం ఆగిపోతుంది.

మొదట జోలెడ్రోనిక్ ఆమ్లం సంగతి. గోదావరి అవతల నుంచి వచ్చిన ఒక నానీకి ఇది ఎక్కించి ఇంటికి పంపాం. ఆ రాత్రి జ్వరం, ఒళ్ళంతా పచ్చి పుండు, కీళ్ళు పట్టేయడం. ఇంటిల్లిపాదీ హడలిపోయారు. విషం ఎక్కించారని వీధిలో మాట పుట్టింది. మరుసటి ఏడాది ఎంత బతిమాలినా ఆమె రాలేదు. నిజానికి ఇది తెలిసిన సంగతే. ఏడు వేలమందికి పైగా మహిళలతో జరిగి 2007లో వెలువడిన పెద్ద పరిశోధనలో, మొదటిసారి ఈ మందు ఎక్కించుకున్నవారిలో నూటికి దాదాపు 32 మందికి మూడు రోజుల లోపు ఇలాంటి బాధలు వచ్చాయి. రెండోసారికి అది 7కు, మూడోసారికి 3కు తగ్గింది. అంటే మొదటి మూడు రోజులు దాటితే చాలావరకు దాటినట్టే. ఈ నాలుగు ముక్కలు ఆ నానీకి ముందే చెప్పి ఉంటే ఆమె వైద్యం ఆగేది కాదు.

కనుక ఇప్పుడు ముందే చెబుతున్నాం. ఎక్కించే రోజు రెండు గ్లాసుల నీళ్ళు అదనంగా తాగాలి. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇంట్లో ఉంచుకోవాలి. తోచిన నొప్పి బిళ్ళలు వేసుకోకూడదు, అవి మూత్రపిండాలకు భారం. అసలు ఎక్కించే ముందే క్రియాటినిన్, కాల్షియం రక్తపరీక్షలు చేయించాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మందు ఇవ్వరు. జ్వరం మూడు రోజులు దాటినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా ఆసుపత్రికి వెళ్ళాలి. ముఖ్యంగా వానాకాలంలో అది మందు జ్వరమే అనుకుని డెంగీని, మలేరియాను వదిలేయకూడదు.

టెరిపారటైడ్ దారి వేరు. సూది వేసుకున్న కాసేపటికి కొందరికి కళ్ళు తిరుగుతాయి, వికారంగా ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి. ఎముకలు గుల్లబారిన మనిషికి కళ్ళు తిరిగి పడిపోవడం కంటే ప్రమాదం ఏముంది? అందుకే మొదటి రోజుల్లో మంచం మీద కూర్చునే వేసుకోవాలి. వేసుకున్నాక కాసేపు అలాగే ఉండి, మెల్లగా లేవాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. పగలు తట్టుకోలేకపోతే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవచ్చా అని డాక్టరును అడగాలి. పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టే పై అరలో కాదు. తెరిచిన 28 రోజుల తర్వాత మందు మిగిలినా పారేయాలి. రోహిణి కార్తె ఎండల్లో, కరెంటు పోయే ఊళ్ళలో, ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ మందు ఎలా నిలుస్తుంది? ఇప్పుడు మేం చీటీ చూసిన వెంటనే అడిగే మొదటి ప్రశ్న అదే. ఫ్రిజ్ లేకపోతే పక్కింటివారితో మాట్లాడి, వారి ఫ్రిజ్‌లో ఒక మూల అడుగుతున్నాం. దానికి డబ్బు అక్కర్లేదు, ఒక మంచి మాట చాలు.

ఇక డెనోసుమాబ్. మా పొరపాటు ఇక్కడే జరిగింది.

ఈ సూది వేసుకున్నప్పుడు చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి ఒళ్ళునొప్పులు, చర్మం మీద దద్దుర్లు రావచ్చు. చర్మం ఎర్రబడి వాచి వేడిగా ఉంటే ఆలస్యం చేయకుండా చూపించాలి. రక్తంలో కాల్షియం పడిపోతే పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం కనిపిస్తాయి. అప్పుడు వెంటనే ఆసుపత్రికి పోవాలి. డయాలసిస్ చేయించుకునేవారిలో ఇది ప్రాణాల మీదకు తెస్తుందని 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన అతి తీవ్రమైన హెచ్చరికను ఈ మందు మీద ముద్రింపజేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఈ సూదిని మానేస్తే వచ్చే నష్టం ఒక ఎత్తు. ఆరు నెలలు దాటితే మందు పట్టు వదిలేస్తుంది. పెరిగిన ఎముక బలం వేగంగా దిగజారుతుంది. కొందరిలో వెన్నుపూసలు ఒకటి కాదు, వరసగా రెండు మూడు నలిగిపోతాయి. అందుకే ఈ సూది గడువు దాటనివ్వకూడదు.

కోనసీమ లంకల నుంచి వచ్చిన ఒక ఖాలాకు మొదటి సూది ఒక దాత పుణ్యాన వేయించాం. ఆమెకు జ్వరం కూడా రాలేదు. దువా చేస్తూ వెళ్ళిపోయింది. మేం మా పుస్తకంలో "సహాయం పూర్తి" అని రాసుకున్నాం. రెండో సూది గడువు ఆగస్టులో పడింది. ఆ రోజుల్లో ధవళేశ్వరం దగ్గర వరద, లంకకు పంటు ఆగిపోయింది. వరద తీశాక ఆమె మరిచిపోయింది, మేమూ మరిచిపోయాం. మేం ఫోను చేయలేదు. పది నెలలకు నడుము పట్టుకుని కొడుకు చేయి ఊతతో వచ్చింది. ఎక్స్‌రేలో రెండు పూసలు నలిగి ఉన్నాయి. "బాగానే ఉంది కదా బాబూ, మళ్ళీ మిమ్మల్ని అడగడం ఎందుకని ఊరుకున్నాను" అంది. ఆమె మొహమాటపడింది. అడగాల్సిన మేం అడగలేదు. ఆ దాత ఇచ్చిన రూపాయిలో లోపం లేదు, మా రిజిస్టరులో ఉంది.

అప్పటి నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. రెండో సూదికి డబ్బు పక్కన పెట్టనిదే డెనోసుమాబ్ మొదటి సూది వేయించం. ఒకవేళ డాక్టరు ఆపేయాలంటే, ఆ తర్వాత వేరే మందుతో ఎముకను కాపాడాలి, దాని ఖర్చు కూడా ముందే లెక్కలోకి తీసుకుంటున్నాం. టెరిపారటైడ్‌కూ అంతే. అది సాధారణంగా రెండేళ్ళకు మించి ఇవ్వరు, తర్వాత మరో మందు లేకపోతే కూడిన బలం కరిగిపోతుంది. తేదీలు "షబ్బేబరాత్ అప్పుడు", "బక్రీద్ అయ్యాక" అని గుర్తుపెట్టుకోవద్దని చెబుతున్నాం. మన పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. ఇంగ్లీషు తేదీ కార్డు మీద రాసి ఇంటి గోడకు అంటిస్తున్నాం. లంకల వారికి వరదలకు ముందే ఏర్పాటు ఎలా చేయాలో డాక్టరును అడిగి ఉంచుతున్నాం. సూది వేసిన రాత్రి, మూడో రోజు మా సోదరీమణులు ఫోను చేసి మాట్లాడుతున్నారు.

మరో రెండు జాగ్రత్తలు. జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ వాడేవారిలో అరుదుగా దవడ ఎముక చెడుతుంది. పన్ను పీకించాల్సి ఉంటే మందు మొదలుపెట్టక ముందే పీకించాలి. కిళ్ళీ, జర్దా నమిలి పళ్ళు పాడైనవారు మన ఇళ్ళలో తక్కువేం కాదు. మందు మొదలయ్యాక పంటి డాక్టరు దగ్గరకు వెళితే ఫలానా సూది వాడుతున్నానని చెప్పాలి. అంతేగానీ పన్ను కోసం సూదిని తమంతట తామే మానకూడదు. ఏళ్ళ తరబడి వాడినవారికి తొడలోనో గజ్జల్లోనో కొత్తగా నొప్పి మొదలైతే, వయసు నొప్పి అని ఊరుకోకుండా చూపించుకోవాలి.

రంజాన్ సంగతి చాలామంది అడుగుతారు. పోషకం కాని మందు చర్మం కింద సూదిగా వేసుకుంటే రోజా భంగం కాదని చాలామంది ఉలమాలు చెబుతారు. అనుమానం ఉంటే ఇమామ్ సాహెబ్‌ను అడగండి, లేదా ఇఫ్తార్ తర్వాత వేయించుకోండి. కానీ రంజాన్ అని డెనోసుమాబ్ గడువు దాటనివ్వకండి. నరంలో ఎక్కించే మందుకు నీళ్ళు బాగా తాగాలి కనుక దాన్ని రోజాలు లేని రోజుల్లో పెట్టుకోవడం మేలు. కాల్షియం మాత్రలు ఇఫ్తార్‌కు, సహరీకి సర్దుకోవచ్చు.

నెలసరి ఆగిన ఆడవారికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తెల్లన్నం ఒక్కటే తింటే అందులో కొద్ది భాగమే అందుతుంది. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ముళ్ళతో నమిలే చిన్న చేపలు తినాలి. ఎండు మెత్తళ్ళు మంచివే గానీ బీపీ ఉన్నవారు ఉప్పు చూసుకోవాలి. కాల్షియం, విటమిన్ డి చాలకుండా సూది వేయిస్తే తిమ్మిర్ల బాధ పెరుగుతుంది.

దాతలారా, మీరు రంజాన్‌లో మనసారా ఇస్తారు. డబ్బు ఒక నెలలో వస్తుంది, సూదుల గడువులు పన్నెండు నెలలూ వస్తాయి. అందుకే మా విన్నపం ఒకటే. ఒక సూదికి ఇస్తామనకండి, ఒక మనిషికి ఇస్తామనండి. ఆమె రక్తపరీక్షకు, కాల్షియం బిళ్ళలకు, ఆటో ఛార్జీకి, తర్వాతి సూదికి కలిపి ఇవ్వండి. అంత ఇవ్వలేనివారు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మనిషిని తీసుకోండి. డబ్బు ఇవ్వలేనివారు మూడో రోజు ఫోను చేసే పని తీసుకోండి. జకాత్ సొమ్ము ఎవరికి, ఎలా చెల్లుతుందో ఉలమాల సలహా మేరకే ఖర్చు చేస్తామని మాట ఇస్తున్నాం.

లంకలోని ఆ ఖాలా ఇప్పుడు వైద్యంలోనే ఉంది. నడుముకు బెల్టు పెట్టుకుని కుర్చీ మీద నమాజు చదువుతోంది. ఆమె తర్వాతి తేదీ మా గోడ మీద ఉంది, ఆమె గోడ మీదా ఉంది. ఈసారి మేమే ముందుగా ఫోను చేస్తాం.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. మా లోపాలను దిద్దుకునే శక్తి ఇచ్చుగాక. ఆమీన్.