తెర మీది లాఠీకి చప్పట్లు
(కడియం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020 నవంబరులో నంద్యాలలో ఒక ఆటో డ్రైవర్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు కలిసి ప్రాణాలు తీసుకున్నారు. చేయని దొంగతనాన్ని అంటగట్టి పోలీసులు వేధిస్తున్నారని వారు చెప్పుకున్న వీడియో కొన్ని రోజులకు బయటపడింది. మా ఫోనుకూ వచ్చింది. చూశాం, కళ్లు చెమర్చాయి, మరో ఇద్దరికి పంపాం. దాని కిందనే ఎవరో పంపిన సినిమా హాస్య సన్నివేశం ఉంది. పోలీసు హీరో ఒకణ్ణి స్టేషనులో చితకబాదుతుంటే వాడు వింతగా అరుస్తున్నాడు. నవ్వాం. ఏడుపుకూ నవ్వుకూ మధ్య ఐదు నిమిషాలు కూడా లేవు. పక్కన కూర్చున్న మనవడు మా ముఖం వైపు చూశాడు.

సినిమాలను తిట్టడానికి ఇక్కడికి రాలేదు. ఎన్టీ రామారావు బొమ్మ విడుదలైతే రాజమండ్రి దాకా సైకిలు తొక్కినవాళ్లం మేము. మా బాధ వేరు. లాకప్పులో దెబ్బలు మనకు హాస్యమై చాలా కాలమైంది. కోర్టు పేరెత్తే పాత్ర చేతకానిదిగా కనిపిస్తుంది, తుపాకీ తీసిన పాత్రకు విజిళ్లు పడతాయి. ‘గబ్బర్ సింగ్’లో రౌడీల చేత అంత్యాక్షరి పాడించే సన్నివేశాన్ని ఇప్పటికీ ఇంటిల్లిపాదీ చూసి నవ్వుకుంటాం. ఇరవై ఏళ్లు ఇలా నవ్విన చెవికి, నిజమైన స్టేషను నుంచి కేక వినిపిస్తే ఏమని తోస్తుంది? ‘ఏదో చేసే ఉంటాడులే’ అని తోస్తుంది.

2019 డిసెంబరు 6న హైదరాబాదు శివార్లలో, పశువైద్యురాలిపై జరిగిన ఘోరంలో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. ఆ బిడ్డకు జరిగినది తలచుకుంటే ఎవరి రక్తమైనా ఉడుకుతుంది. కానీ ఆ ఉదయం జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. ఆ పూలు మన కడియపులంక మార్కెట్టువి అయినా కాకపోయినా, మన మనసులు మాత్రం అక్కడే ఉన్నాయి. చాయ్ దుకాణంలో అందరూ సినిమా క్లైమాక్సు గురించి మాట్లాడినట్టే మాట్లాడారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ రోజు అదే దుకాణంలో ఎవరూ దాని ఊసెత్తలేదు. మేమూ ఎత్తలేదు.

తెర మీద ఉగ్రవాదికి మన పేర్లు పెడితే మనకు కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. అయితే ఆ పాత్రను విచారణ లేకుండా కాల్చే అధికారికి విజిల్ వేసినవారిలో మన పిల్లలు లేరా? 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారని వారు చెబితే నమ్మినవారు కొద్దిమందే. తర్వాత వారు నిర్దోషులుగా విడుదలయ్యారు, ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. అప్పటికి కొందరి చదువులు పోయాయి, కొందరి పెళ్లిళ్లు తప్పిపోయాయి.

1986 గోదావరి వరదప్పుడు మేము కొత్త గుమస్తాలం. బాధితుల జాబితాలు రాశాం. పేరు, తండ్రి పేరు, పోయిన ఇల్లు, పోయిన గేదె. విసుగు పుట్టించే పని అది. అయినా ఎదురుగా నిలబడిన మనిషి ముఖం చూడకుండా ఆ వరుస పూర్తయ్యేది కాదు. తడిసిన చీర కొంగు పిండుకుంటూ తండ్రి పేరు చెప్పిన ఒక అవ్వ ముఖం ఇప్పటికీ గుర్తుంది. నంద్యాల వీడియోలోని ఆ పిల్లల ముఖాలు గుర్తు తెచ్చుకోబోతే మసకగా వస్తున్నాయి.

అందుకే ఈ సభను ఒకటి అడుగుతున్నాం. అరెస్టు చేస్తే బంధువులకు తెలపాలని, అరెస్టు పత్రం మీద సాక్షి సంతకం ఉండాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగమే చెబుతోంది. వచ్చే శుక్రవారం నుంచి జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఒక రిజిస్టరు పెడతాం. ఏ ఇంటి మనిషిని స్టేషనుకు పిలిచినా, ఏ మతంవారైనా సరే, వచ్చి చెప్పండి. తేదీ, సమయం, పిలిచినవారి హోదా రాసుకుంటాం. అర్జీ మేము రాస్తాం. వెంట నడవడానికి ఇద్దరు యువకులు కావాలి. ఫోనులు ఇంట్లో పెట్టి రాగలవారు ఇప్పుడే పేర్లు ఇవ్వండి.