స్థావరాల కాపలాకు తేలికపాటి కవచ వాహనాలు
(కుల్కచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లాలోని దామగుండంలో జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. రేపు ఇటువంటి చోట్ల కాపలా కాసేవారిలో మన పిల్లలూ ఉండవచ్చు. అందుకే ఈ విషయం ఎత్తుకున్నాను.

2016 జనవరి 2న పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై ఉగ్రవాదులు దాడి చేశారు. భద్రతా సిబ్బంది 7గురు అమరులయ్యారు. స్థావరమంటే రన్‌వేలు, గోదాములు, క్వార్టర్లు, చెట్లూ పొదలూ. నక్కినవాణ్ణి వెతుకుతూ కాలినడకన పోయే జవానుకు అడ్డమేమీ ఉండదు. మామూలు జీపు రేకు తూటాను ఆపదు. ట్యాంకు ఆ పనికి మరీ బరువు. ఈ రెంటికీ మధ్యది తేలికపాటి కవచ వాహనం. 2021 ఏప్రిల్‌లో అశోక్ లేలాండ్ ఇటువంటి వాహనాల మొదటి విడతను వైమానిక దళానికి అందజేసింది.

ఇందులో చిక్కంతా తూకంలోనే ఉంది. ఉక్కు పలక మందం పెంచితే రక్షణ పెరుగుతుంది గాని బండి బరువెక్కి చురుకు తగ్గుతుంది. మనకు దగ్గరలోని ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మందుపాతరలను తట్టుకునే వాహనాలను తయారు చేసింది. వాటి అడుగుభాగం పడవలా కోసుగా ఉండి, పేలుడు దెబ్బను పక్కలకు మళ్ళిస్తుంది.

అయితే బండి కొన్నంత మాత్రాన సరిపోదు. డ్రైవరుకు తగిన శిక్షణ, టైర్లకు, బ్యాటరీకి నిత్యం తనిఖీ కావాలి. షెడ్డులో నిలిచిపోయిన బండి ఆపదవేళ అక్కరకు రాదన్నది సర్వీసు చేసిన మనకు తెలియనిది కాదు. కొనుగోలుతో పాటు నిర్వహణకూ నిధులు కేటాయించాలని మనం కోరాలి.