మీటరు పట్టిన చేయి, బస్తా ఎత్తిన చేయి
(వడ్ల కొనుగోలు కేంద్రాలు తెరిచే ముందు జరిగిన గ్రామ కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంకొద్ది రోజుల్లో వానాకాలం వడ్లు కల్లాలకు వస్తాయి. 2025-26 సీజనుకు 'ఏ' గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369 రూపాయలు మద్దతు ధర. ధర ఎంతో అందరికీ తెలుసు. అందులో మన చేతికి వచ్చేదెంత అన్నదే ఏటా గొడవ. ఆ గొడవలో ఎవరి చేతిలో ఏముందో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు ఒక లెక్క చూద్దాం. 40 కిలోల బస్తాలు 200 అంటే 80 క్వింటాళ్లు. సంచి బరువు పోగా, తాలు పేరుతోనో తేమ పేరుతోనో బస్తాకు ఒక్క కిలో అదనంగా తూస్తే రెండు క్వింటాళ్లు పోయినట్టే. 'ఏ' గ్రేడు ధరకు అది 4,778 రూపాయలు. అదనంగా తూయమన్నవాడిది మొదటి తప్పు. కానీ చూసీ చూడనట్టు ఉన్నవాళ్లు, రాయాల్సింది రాయనివాళ్లు, అడగాల్సింది అడగనివాళ్లు తోడైతేనే అది సాగింది.

అడిగితే అందరిదీ ఒకటే మాట: "మా చేతుల్లో ఏముంది?" కాంటా పెట్టేవారు నిర్వాహకులను చూపిస్తారు. నిర్వాహకులు మిల్లును చూపిస్తారు. మిల్లువారు పైవాళ్లను చూపిస్తారు. మనమూ తక్కువేం కాదు. సంఘం నాయకులు వచ్చి చూసుకుంటారులే అనుకుంటాం.

మాకు పాఠం నేర్పిన ఒక సంగతి చెబుతాం. ఒక కేంద్రంలో తేమ ఎక్కువ చూపిస్తున్నారని కబురొస్తే పదిమందిమి వెళ్లాం. 17 శాతం లోపు ఉండాల్సిన తేమ మీటరులో 19 చూపిస్తోంది. వడ్లు చూస్తే పైకి గలగలమంటున్నాయి. మీటరు పట్టింది మహిళా సంఘం అమ్మాయి. ఆమె మీద గట్టిగానే అరిచాం. ఆమె ఎదురు మాట్లాడలేదు. "అన్నా, కుప్పలోకి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి" అన్నది. పెట్టి చూస్తే అడుగున చల్లగా, మెత్తగా తగిలాయి. రైతు తెచ్చింది ఎండిన పైపొర గింజలు. తప్పు మాదే. అక్కడే అందరి ముందూ ఒప్పుకున్నాం.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. మరునాటి నుంచి ప్రతి కుప్పకూ పైన, నడుమ, అడుగున, రెండు పక్కలా ఐదు చోట్ల గింజలు తీసి కలిపి, రైతు చూస్తుండగానే మీటరు పెట్టింది. వచ్చిన అంకెను సుద్దముక్కతో పలక మీద రాసింది. ఎక్కువ వస్తే ఊరికే వెనక్కి పంపలేదు. పలుచగా ఆరబోసి, గంటకోసారి తిరగబోయమని చెప్పింది. ఆమెకు ఏ అధికారమూ లేదు. ధర ఆమె పెంచలేదు, లారీ ఆమె తెప్పించలేదు. కానీ ఆ కేంద్రంలో తేమ మీద తగాదా తగ్గింది. తెలిసినవాళ్లకో అంకె, తెలియనివాళ్లకో అంకె అనే అనుమానమూ పోయింది.

కాంటా దగ్గరా అంతే. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. పొద్దున తూకం మొదలుపెట్టే ముందు 20 కిలోల ముద్ర రాయి ఒకటి పెట్టి చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు. తూకం వేసేవాడు తనంత తాను ఆ పని చేస్తే, ఆ రోజంతా ఎవరూ అతన్ని వేలెత్తి చూపలేరు.

హమాలీ తమ్ముళ్ల మాట చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. కొక్కెం వేసినచోట సంచి చిరిగి గింజ కారుతుందని వాళ్లను తిడుతుంటాం. వాళ్లకు కూలి బస్తాల లెక్కన వస్తుంది. ఎండలో, దుమ్ములో పని. తాగడానికి నీళ్లు, కాసేపు కూర్చోవడానికి నీడ మనమెన్నడైనా చూశామా? అవి చూసి, ఆ తర్వాత జాగ్రత్తగా ఎత్తమని అడుగుదాం. వాళ్లు మనవాళ్లు, మిల్లువైపు మనుషులు కారు.

ఇక మన పని. కేంద్రంలో తూకమైపోయాక మిల్లులో మళ్లీ తరుగు తీశారని చాలామంది వచ్చి చెబుతారు. కాగితమేదని అడిగితే ఉండదు. ఎన్ని బస్తాలు, ఎంత బరువు, ఏ లారీ, ఏ తేదీ అన్నది రాసిన చీటీ తీసుకోకుండా ఏ రైతూ కేంద్రం దాటకూడదు. చదువురాని పెద్దవాళ్లకు, మొగుడు లేక ఒంటరిగా సేద్యం చేసే అక్కలకు, పాసుబుక్కు తన పేరు మీద లేని కౌలు రైతుకు ఆ చీటీ చదివి వినిపించడం గ్రామ కమిటీలో ఏ పదవీ లేని సభ్యుడైనా చేయగల పని. పదో తరగతి చదివే పిల్లలైనా చేయగలరు.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరి పని వారు బుద్ధిగా చేసుకుంటే చాలు, పోరాటాలెందుకు అని మేము చెప్పడం లేదు. గోనె సంచులు అందకపోవడం, లారీలు రాకపోవడం, మిల్లు కేటాయింపు ఆలస్యం కావడం, కుప్పలు వానకు తడిసి మొలకెత్తడం, ఇవి మీటరు పట్టిన అమ్మాయి తీర్చగలిగేవి కావు. వాటికి ప్రభుత్వమే జవాబు చెప్పాలి. చెప్పేదాకా మనం అడుగుతూనే ఉండాలి. కానీ అడగడానికి వెళ్లినప్పుడు అధికారి మొదట అడిగేది ఆధారం. పలక మీది అంకె, రిజిస్టరులోని తేదీ, రైతు జేబులోని చీటీ, అవే మన ఆధారాలు. వాటిని తయారుచేసేది పెద్ద నాయకులు కాదు, కల్లంలో ఉన్న మామూలు మనుషులు.

అందుకే ప్రతి గ్రామ కమిటీని అడుగుతున్నాం. కేంద్రం తెరిచిన రోజే ఒక నోటుబుక్కు పెట్టండి. రైతు పేరు, వడ్లు తెచ్చిన తేదీ, తేమ, బస్తాలు, తూకం, డబ్బు పడిన తేదీ రాయండి. రోజుకొకరు చొప్పున వంతులు వేసుకోండి. మంచిగా పనిచేసిన నిర్వాహకురాలిని, కాంటా మనిషిని, హమాలీని సీజను చివర నలుగురిలో మెచ్చుకోండి. తప్పు జరిగితే అంతే గట్టిగా నిలదీయండి. అరిచే ముందు మాత్రం కుప్పలోకి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి.

రైతు, కూలీ ఐక్యత వర్ధిల్లాలి!