మావాడి ఆటలు, నా మార్కులు

ఇవాళ రేడియోలో వీడియో గేముల గురించి మాట్లాడబోతున్నానని చెప్పగానే మా ఆవిడ పకపకా నవ్వింది. నవ్వదూ మరి! రెండేళ్ళ క్రితం ఆ గేముల డబ్బాని తీసుకెళ్ళి గరాజ్‌లో బీరువాలో పెట్టి తాళం వేసిన ఘనుణ్ణి నేనే.

ఎందుకు వేశానో చెప్పాలి. మావాడికి అప్పుడు పన్నెండేళ్ళు. ఒక క్రీడల గేములో, పేరు అనవసరం లెండి, ఒక్క శని ఆదివారాల్లో నా క్రెడిట్ కార్డు మీద 140 డాలర్లు ఖర్చుపెట్టేశాడు. ఏం కొన్నావురా అంటే, ప్యాకెట్లట. ప్యాకెట్లో ఏ ఆటగాడు ఉన్నాడో విప్పేదాకా తెలియదు. మంచివాడు రాకపోతే ఇంకోటి కొనాలి. నా చిన్నప్పుడు మా ఊరి బడ్డీకొట్లో అట్టకి చీటీలు అంటించి ఉండేవి. పావలా ఇచ్చి ఒకటి చింపితే లోపల నంబరు. పెద్ద బొమ్మ ఏ రోజూ మనకి రాదు. అదే వ్యాపారం, పావలాలు డాలర్లయ్యాయి, అంతే.

తాళం వేస్తే గొడవ తీరిందనుకున్నాను. మావాడు ఆడటం మానలేదు, స్నేహితుడి ఇంటికి వెళ్ళి ఆడుకున్నాడు. మానేసింది నాతో మాట్లాడటం. అడిగినదానికి ఊఁ, ఆఁ. ఆర్నెల్లు అలా గడిచాక ఒకరోజు కారులో వాడే అడిగాడు: "నాన్నా, ఆ గేము నువ్వు ఒక్కసారైనా ఆడావా?" ఆడలేదు. ఆడకుండానే తీర్పు చెప్పాను. ఆ రాత్రే తాళం తీశాను, ఒక షరతు మీద. ఏ గేము కొన్నా ముందు ఇద్దరం కలిసి కూర్చుని చూడాలి.

అప్పట్నుంచీ ప్రతి గేముకీ నేను మూడు ప్రశ్నలు వేస్తాను. కొన్నాక మళ్ళీ డబ్బు అడుగుతుందా? మధ్యలో ఆపి భోజనానికి లేవనిస్తుందా? పక్కన ఇంకో మనిషికి చోటుందా? ఈ మూడింటి మీదే మార్కులు.

మొదటిది ఆస్ట్రో బాట్. 2024 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 మీద వచ్చింది. చిన్న మరబొమ్మ గెంతుతూ, ఎగురుతూ, తప్పిపోయిన తన జట్టువాళ్ళని మూడు వందల మందిని వెతికి తెస్తుంది. ఆ ఏడాది ఉత్తమ గేము బహుమతి దీనికే ఇచ్చారు. ఇసుకలో నడిస్తే ఒకలా, గాజు మీద నడిస్తే ఇంకోలా కంట్రోలరు చేతిలో అదురుతుంది. పిల్లలకి భలే సరదా. 60 డాలర్లు ఒకసారి ఇస్తే మళ్ళీ అడగదు. ఒక్కో మజిలీ చిన్నది, అన్నానికి పిలిస్తే లేవచ్చు. అయితే ఆ బొమ్మల్లో సగానికి పైగా ఆ కంపెనీ ప్లేస్టేషన్ మీద వచ్చిన పాత గేముల పాత్రలే. ఆడుతున్నంతసేపూ ఎవరో తమ దుకాణం చూపించి మురిసిపోతున్నట్టుంటుంది. ఇద్దరు కలిసి ఆడే వీలు లేదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వంతుల కోసం దెబ్బలాట ఖాయం.

రెండోది బలాట్రో. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. పేరు బయటపెట్టుకోని ఒక్క మనిషి తయారుచేసినది. పేకాట! మన ఇళ్ళల్లో పేక అంటే ఏమనుకుంటారో మీకు తెలుసు. కానీ ఇందులో పందెం లేదు, పైసా పోదు. పోకర్ లెక్కలు, వాటిని రెట్టింపు చేసే 150 రకాల జోకర్లు. ఏ జోకరు పక్కన ఏది పెడితే ఎంత పెరుగుతుందో మావాడు నోటితో గుణించేస్తాడు.

ఇక్కడో విడ్డూరం వినండి. పేకముక్కలున్నాయని ఐరోపాలో దీనికి 18 ఏళ్ళ రేటింగు ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో 12కి దించారు. నిజం డబ్బుతో మూసిన ప్యాకెట్లు అమ్మే ఫుట్‌బాల్ గేముకి అప్పుడు అక్కడే ఇచ్చిన రేటింగు 3 ఏళ్ళు! అలాంటి ప్యాకెట్లు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చిచెప్పింది. అందుకే డబ్బా మీద వయసు చూసి ఊరుకోకండి. మన అమెరికాలో రేటింగు పక్కనే గేములో కొనుగోళ్ళున్నాయనీ, ఏమొస్తుందో తెలియని వస్తువులున్నాయనీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2020 నుంచీ వేస్తున్నారు. నేను చదివి ఉంటే నా 140 డాలర్లు మిగిలేవి. బలాట్రోకి నా ఫిర్యాదల్లా రెండో ప్రశ్న దగ్గరే. ఎక్కడైనా ఆపచ్చు, కానీ ఆపబుద్ధి కాదు. "ఇంకొక్క ఆట" అంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నది మావాడు కాదు, నేను.

మూడోది స్ప్లిట్ ఫిక్షన్, 2025 మార్చిది. ఇది ఒక్కరు ఆడలేరు, ఇద్దరుండి తీరాలి. ఇద్దరు అమ్మాయిలు, రచయిత్రులు. ఒకరు సైన్స్ కథలు, ఒకరు జానపద కథలు రాస్తారు. వాళ్ళ ఊహల్ని దొంగిలించే యంత్రంలో ఇద్దరూ ఇరుక్కుంటారు. తెర రెండు ముక్కలు. ఒకరు తలుపు పట్టుకుంటేనే రెండోవాళ్ళు దూరగలరు. ఒక కాపీ కొంటే చాలు, వేరే ఊళ్ళో ఉన్న స్నేహితుడు ఉచితంగా కలవచ్చు. కథ మాత్రం పలచన. ఆ దుర్మార్గపు ప్రచురణకర్త ఏం చేస్తాడో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, మాటలూ సాదాసీదా. అయినా నా చేత ఎక్కువ మార్కులు వేయించుకున్నది ఇదే. నేను లోయలో ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. మావాడు అవతలి గట్టు మీద నిలబడి, "కంగారు పడకు నాన్నా, ఇప్పుడు గెంతు" అంటాడు. లెక్కల హోంవర్కు దగ్గర వాడికి నేను ఎప్పుడైనా అంత ఓపిగ్గా చెప్పానా అని సిగ్గేసింది.

నాలుగోది పెద్దవాళ్ళకి. క్లేర్ ఆబ్‌స్క్యూర్, ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్సులో మాంపెలియే ఊరి చిన్న కంపెనీ తీసింది, 2025 ఏప్రిల్‌లో వచ్చి ఆ ఏడాది ఉత్తమ గేమైంది. ఏటా ఒక చిత్రకారిణి పెద్ద బండ మీద ఒక అంకె రాస్తుంది. ఆ వయసు వాళ్ళంతా మాయమైపోతారు. అంకె ఏటా ఒకటి తగ్గుతుంది. బొమ్మా, సంగీతమూ అద్భుతం. గుహల్లోకి వెళితే దారి చూపే పటం లేక తిరిగిన చోటే తిరిగాను. నెత్తురూ, చావులూ ఉన్నాయి, రేటింగు 17 పైన. మావాడికి పద్నాలుగు, వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పగలిగాను, ఆడి చూశాను గనక. ఈసారి వాడు అలగలేదు.

చివరిది వెన్బా. 2023లో వచ్చింది, కొత్తదేం కాదు గానీ మన ఇళ్ళకి దగ్గరిది. కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం, తల్లి వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోతే ఊహించి వండాలి. ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చాలో కూడా మనమే కనిపెట్టాలి. చిక్కులు మరీ తేలిక, గంటన్నరలో అయిపోతుంది, ఆ నిడివికి ధర ఎక్కువే. కానీ కొడుకు తల్లితో ఇంగ్లీషులోనే జవాబిచ్చే చోట మా గదిలో ఎవరం మాట్లాడలేదు. అయిపోయాక మావాడు, "నానమ్మ దగ్గర ఇలాంటి పుస్తకం ఉందా?" అన్నాడు. తెనాలికి ఫోన్ చేశాం. "పుస్తకాలేమిట్రా, పులిహోరకి కూడానా? చేత్తో చూసి వెయ్యడమే" అంది మా అమ్మ. వాడు పట్టు వదలకుండా, వచ్చీరాని తెలుగులో, చింతపండు ఎంత, పసుపు ఎంత అని అడిగి రాసుకున్నాడు.

వాడు కాలేజీకి వెళ్ళిపోవడానికి ఇంకా నాలుగేళ్ళు. ఏటా ఒకటి తగ్గే లెక్క మా ఇంట్లోనూ నడుస్తోంది. అందుకని మీ పిల్లలు ఆడుతుంటే ఓ అరగంట పక్కన కూర్చోండి. రెండో కంట్రోలరు అడగండి. పడండి, నవ్వించుకోండి. తర్వాత వద్దంటే వద్దనండి, ఆ మాటకి అప్పుడు విలువుంటుంది. అన్నట్టు, క్రెడిట్ కార్డు నంబరు మాత్రం గేముల డబ్బాలోంచి ఇవాళే తీసెయ్యండి.

సెలవు.